మూల టేబుల్ మీద మూడు పెగ్గులు

బారు పెడదామనుకునేవాళ్లు ముందు నా దగ్గరికే వస్తారు. పద్నాలుగేళ్లు హనుమకొండలో బారు నడిపి, ఒంటి మీద చొక్కాతో బయటపడ్డ మనిషిని నేనొక్కడినేనని వాళ్ల నమ్మకం. వచ్చి కూర్చుంటారు, చాయ తాగుతారు, ఫోన్‌లో హైదరాబాద్ బార్ల ఫొటోలు చూపిస్తారు. గోడలకు ప్లాస్టరింగ్ లేకుండా ఇటుకలు కనపడేలా కట్టిస్తామంటారు, పేరు ఇంగ్లీషులో పెడతామంటారు. నేను వద్దంటాను. వాళ్లు బుద్ధిగా తలూపుతారు. మూడో నెలలో ఓపెనింగ్ కార్డు మా ఇంటికొస్తుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, బారు విషయంలో వినేవాడికే చెప్పేవాడు లోకువ.

అయినా అడిగితే చెప్పకుండా ఉండలేను, అది నా జబ్బు. లైట్ల మీద పెట్టే ఖర్చు బాత్రూం మీద పెట్టు అంటాను. మేడ మీద హాలు తీసుకోకు అంటాను. ఎక్కేటప్పుడు అందరూ పెళ్లికొడుకుల్లాగానే ఎక్కుతారు, మెట్ల సంగతి దిగేటప్పుడు తెలుస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, ఒంటి చేత్తో లేపలేనంత బరువున్నవి వేయించు. పల్లీలు, శనగ గుడాలు అడగకముందే టేబుల్ మీద పెట్టు, ఖాళీ కడుపుతో తాగేవాడే ముందు తిరగబడతాడు. ఇక వాష్‌బేసిన్ మీద అద్దం పెట్టకు. ఇది మాత్రం ఎవరూ నమ్మరు, నవ్వుతారు. నేను మొదట్లో పెద్ద అద్దం పెట్టించాను. మూడు పెగ్గుల మీద లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయినవాడు తలెత్తి తన మొహం చూసుకుంటే, అక్కడే నిలబడి ఏడవనైనా ఏడుస్తాడు, లేదంటే తిరిగొచ్చి పక్క టేబుల్‌వాడితో లొల్లి పెట్టుకుంటాడు. రెండో నెలలోనే తీయించేశాను. ఉత్త టైల్స్ చూసి ఎవడూ ఏడవలేదు.

ఇంకొకటి చెబుతాను. ఎన్ని తాగుతావు అని ఎవడినైనా అడుగు, రెండు అంటాడు. ఆఫీసరైనా రెండే, ఆటో నడిపేవాడైనా రెండే. పద్నాలుగేళ్లలో మూడు అన్న మనిషి నాకు తగల్లేదు. అందుకని రెండు అన్నవాడికి నాలుగు లెక్క వేసుకో.

నేను మాత్రం ఆ పద్నాలుగేళ్లూ చుక్క ముట్టలేదు. ఇది కూడా ఎవరూ నమ్మరు. తాటిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లే అంటారు, నేను ఏకంగా బారు కౌంటర్ వెనక కూర్చొని చాయ తాగినవాణ్ని. చుట్టాల పెళ్లిళ్లలో నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. వాసన నోట్లోంచి కాదు, చొక్కాలోంచి వచ్చేది. ఇంట్లో నా బట్టలు విడిగా నానబెట్టేవారు.

బారు మూసేశాక తాగడం మొదలుపెట్టాను. దాచడానికేముంది. రోజూ హాలు తాళం తీసే వేళ అయ్యేసరికి చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. ఒక వారం ఇంట్లోనే అటూ ఇటూ తిరిగాను, ఇంకో వారం ఫ్యాన్లు తుడిచాను. మూడో వారం స్కూటర్ తీసుకొని హసన్‌పర్తి దాకా పోయి, అక్కడ ఒక వైన్‌షాపు వెనక పర్మిట్ రూంలో, నన్నెవరూ ఎరగని బల్ల ముందు కూర్చున్నాను. అప్పటినుంచి పోతూనే ఉన్నాను. ఇంట్లో అడిగితే ధర్మసాగర్ చెరువు కట్ట మీద వాకింగ్ అని చెబుతాను. మా ఇంటామె ఒకరోజు నా చెప్పులు తిప్పి చూసి, మట్టి అంటని ఆ అట్టల్ని మళ్లీ గుమ్మం దగ్గరే పెట్టేసింది. నాకు సిగ్గేసింది గానీ, మర్నాడు మళ్లీ పోయాను.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా అక్క కొడుకు వచ్చాడు. మా అక్కకు వాడొక్కడే. బైకుల షోరూంలో సేల్స్‌లో పనిచేస్తాడు, పెళ్లి కావాల్సిన వయసు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు ఉంది. దాన్ని టీపాయ్ మీద బోర్లా పెట్టి కూర్చున్నాడు.

"మామా, బారు పెడదామనుకుంటాన. జర నువ్వు అన్నీ చెప్పాలె," అన్నాడు.

ఎవడు పెట్టుకున్నా నాకేం నొప్పి లేదు. వీడు పెట్టకూడదు. వీళ్ల నాన్న, అంటే మా బావ, నా బారులో మూల టేబుల్ దగ్గర ఆరేళ్లు కూర్చొని పోయినవాడు. వీణ్ని ఆపలేకపోతే నేను ఇన్నేళ్లూ ఇంత మందికి వద్దని చెప్పి ఏం లాభం? ఎవరికీ చెప్పని సంగతి వీడికి చెబుదామని ఆ క్షణంలోనే అనుకున్నాను. కాకపోతే ఎత్తుకోవడానికి ధైర్యం చాలక, ముందు బాత్రూం నుంచి మొదలుపెట్టాను. అద్దం సంగతి చెప్పాను. రెండంటే నాలుగు అన్న సంగతి చెప్పాను. వాడు ఫోన్ పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. ఆ శ్రద్ధ చూసి నాకు ఇంకా భయమేసింది.

మా బావ మార్కెట్ యార్డులో దడువాయి. రైతు తెచ్చిన సరుకును కాంటా వేసి తూకం చెప్పేవాణ్ని అట్లా అంటారు. మిర్చి సీజన్‌లో పొద్దుటినుంచి మిరప బస్తాల మధ్యే ఉండేవాడు. బస్తాను కాలితో కాస్త కదిపి ఎన్ని కిలోలుంటుందో చెప్పేవాడు, కాంటా మీద పెడితే అరకిలో అటూ ఇటూగా అంతే ఉండేది. మంచి మనిషి. నాకు సైకిల్ నేర్పినవాడు. మా అక్క పెళ్లిలో నేను అలిగి పడుకుంటే, పీటల మీంచి లేచొచ్చి నాకు అన్నం తినిపించినవాడు. తాగుడు ఒక్కటే.

నేను బారు తెరిచి నాలుగేళ్లయ్యాక ఒక మధ్యాహ్నం మా అక్క ఇంటికొచ్చింది. నేను అన్నం తింటున్నాను. ఎదురుగా కింద కూర్చుంది.

"తమ్మీ, ఒకటడుగుత, కాదనొద్దు. మీ బావను నీ కాడ కూసోబెట్టుకో."

"అంటే?"

"బయట యాడ పడితె ఆడ తాగుతాండు. మొన్న రైల్వే గేటు కాడ మోరీల పడ్డడు. ఎరుకున్నోళ్లు ఎవలో జూసి ఆటోల ఏసుకొచ్చిండ్రు. నీ కాడైతె నీ కండ్ల ముంగటుంటడు. ఎంత పోసినవో నీకెరుకుంటది. నాకు ఫికర్ ఉండదు."

"మానిపిద్దాం అక్కా."

"పెండ్లయినసంది మానిపిస్తనే ఉన్న. మానిండా?" అని నా కంచంలో ఇంకొంత కూర వేసింది.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమే కాదు, లోపల పొంగిపోయాను కూడా. బారు పెట్టినప్పటినుంచి మా వాళ్లలో నాకు తలవంపులే తప్ప గౌరవం లేదు. తోడబుట్టినదానికి నా బారు వల్ల ఒక మేలు జరుగుతుందంటే, అది పుణ్యం పనిలా కనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మనిషిని కల్లు దుకాణం నుంచి బారుకు మార్చి కాపాడామనుకునే తెలివి మా ఇంట్లోనే పుట్టింది.

మర్నాటినుంచి బావ రావడం మొదలుపెట్టాడు. యార్డులో కాంటాలు అయిపోయాక సాయంత్రం నాలుగింటికి వచ్చేవాడు. మొదటిరోజు ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను. గాలికి ఆయన చొక్కాలోని మిరప ఘాటు లేచి చుట్టూ నాలుగు టేబుళ్లు తుమ్మడం మొదలుపెట్టాయి. ఆయన నవ్వుతూ లేచి, ఫ్యాన్ గాలి తగలని మూల టేబుల్‌కు పోయి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆరేళ్లు అదే కుర్చీ.

ఆయన సీసా వేరే పెట్టాను. వెయిటర్లను పోయనిచ్చేవాణ్ని కాదు, నేనే పోసేవాణ్ని. రోజుకు మూడు. ఎంతదాకా వచ్చిందో లేబుల్ మీద నీలం స్కెచ్ పెన్నుతో గీత గీసేవాణ్ని. బావ గ్లాసులో వేలు ముంచి మూడు చుక్కలు కింద చిలకరించి, కళ్లు మూసుకొని మైసమ్మను తలుచుకొని అప్పుడు తాగేవాడు. ఆ చుక్కలు పడ్డచోట టైల్ మీద మరక పడి, తుడిచినా పోయేది కాదు. ఆరింటికి వీడు, అంటే ఆ ఆదివారం నా ఎదురుగా కూర్చున్న మేనల్లుడు, బైక్ మీద వచ్చి నాన్నను ఎక్కించుకొని పోయేవాడు. అప్పుడే డిగ్రీలో చేరాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడి చూసేవాణ్ని. అక్క ఫోన్ చేసి, "ఇయ్యాల ఎన్ని?" అని అడిగేది. "మూడే," అనేవాణ్ని. "సరే బిడ్డా," అనేది. ఆ ఒక్క మాటకు నాకు రోజంతా పడ్డ కష్టం తీరినట్టుండేది.

ఈ సంగతి వాడకట్టులో పాకింది. బామ్మర్ది అంటే గట్లుండాలె అన్నారు. ఒకావిడ తన భర్తను తానే బారు గుమ్మం దాకా నడిపించుకొచ్చి, "అన్నా, ఈయనను గూడ జర జూస్కో, రెండు దాటనియ్యకు," అని అప్పజెప్పి పోయింది, పిల్లల్ని అంగన్‌వాడీలో దింపిపోయినట్టు. ఆ ఏడాదిలో అట్లాంటివాళ్లు నలుగురయ్యారు. నలుగురికీ నాలుగు సీసాలు, నాలుగు గీతలు. నేను బారు ఓనర్‌నన్న సంగతి మరిచిపోయి, ఏదో సేవ చేస్తున్నవాణ్ని అయిపోయాను. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి లేదు. మందు అమ్మేవాడికి తాను మందు అమ్ముతున్నానని రోజూ గుర్తుండాలి.

నాలుగో ఏడు బావ కళ్లు పచ్చబడ్డాయి. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ కాగితం చూసి, చుక్క కూడా ముట్టొద్దన్నాడు. బావ తొమ్మిది రోజులు ముట్టలేదు. పదో రోజు యార్డులో కాంటా ముందు నిలబడితే చేతులు వణికి, తూకం రాళ్లు చేతిలోంచి జారిపోయాయట. రైతు గొడవ పెట్టుకున్నాడు, వ్యాపారి ఇంకో దడువాయిని పిలిచాడు. ఆ సాయంత్రం నాలుగింటికి బావ వచ్చి మూల టేబుల్ దగ్గర కూర్చున్నాడు. నేను దగ్గరికి పోలేదు. కాసేపటికి అక్క ఫోన్ చేసింది.

"పొయ్యి తమ్మీ. మెల్లమెల్లగ తగ్గియ్యి. ఒక్కసారి బంద్ జేస్తె పాణం పోతదట," అని ఏడ్చింది.

పోశాను. మెల్లగా తగ్గించడానికి నాకు తోచిన ఉపాయం నీళ్లు. బావ రాకముందే ఆయన సీసాలో కొంచెం నీళ్లు కలిపేవాణ్ని. నెల గడిచేసరికి ఇంకాస్త. రంగు తేలిపోకుండా చూసుకోవడంలో నాకు అనుభవం ఉంది, అది ఎట్లా వచ్చిందో అడగొద్దు. అక్కకు కూడా చెప్పలేదు. అంత తెలివిగా చేస్తున్నాననుకున్నాను.

ఒకరోజు బావ గ్లాసు ఎత్తి, నోటి దగ్గరికి తీసుకుపోకుండా అరచేతిలో అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు. బస్తాను కాలితో కదిపి బరువు చెప్పేటప్పుడు ఆయన మొహం ఎట్లా ఉండేదో అట్లా ఉంది.

"తరుగు తీస్తానవా బామ్మర్ది?" అన్నాడు.

మిర్చిలో తేమ ఉందనీ తాలు ఉందనీ యార్డులో తూకంలోంచి తీసేసేదాన్ని తరుగు అంటారు. నేను నవ్వేసి, "నీకన్ని అనుమానాలే బావా," అన్నాను. ఆయనా నవ్వాడు. వేలు ముంచి, మూడు చుక్కలు చిలకరించి, మొత్తం తాగేశాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నీళ్లు కలిపిన మందు పోస్తే గొడవ పెట్టుకోని తాగుబోతు ఉంటాడా? నా బారులో ఆ మాట మీద గ్లాసులు పగిలాయి, కాలర్లు చిరిగాయి. అన్నీ చూసినవాణ్ని, మా బావ ఎందుకు ఊరుకున్నాడో ఆలోచించలేదు. నా మీద ప్రేమ అనుకున్నాను. ఆయనకు తగ్గించుకోవాలని ఉంది, నేను సాయం చేస్తున్నాను అనుకున్నాను. అట్లా రెండేళ్లు అనుకున్నాను.

ఆరో ఏడు ఎండలు ముదరకముందే బావ దవాఖానలో పోయాడు. పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, చివరి రెండు రోజులు నన్ను గుర్తుపట్టలేదు. నా చెయ్యి పట్టుకొని ఎవరిదో బస్తా తూకం చెబుతూ పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి పోయాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. అన్నం, మటన్, ఉడికిన గుడ్డు, బీడీ కట్ట పెట్టారు. అక్క నా వైపు తిరిగి, "తమ్మీ, ఆయన సీసా తెచ్చినవా?" అంది. తెచ్చాను. నీలం గీతలున్న అదే సీసా. ప్లాస్టిక్ గ్లాసులో పోసి విస్తరి పక్కన పెట్టాను. కాకులు గోడ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. చాలాసేపు చూశాం. ఎండ నెత్తికెక్కింది. ఆయన మనసుల ఏదో ఉండిపోయింది అని ఒక ముసలమ్మ అంది. అక్క చేతులు జోడించి, పిల్లగాన్ని నేను జూస్కుంట, నువ్వు రంది పడకు, నిమ్మలంగ పో అని విస్తరితో చెబుతూ ఉంది. అయినా కాకి దిగలేదు.

నాకు ఇట్లాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఆ గ్లాసులో సగం నీళ్లున్నాయని అక్కడ నాకొక్కడికే తెలుసు. నిలబడలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా రోడ్డు మీదికి పోయి క్వార్టర్ సీసా కొనుక్కొచ్చి, పాత గ్లాసు పారబోసి, అందరి ముందూ సీలు తీసి నిండా పోశాను. కాసేపటికి కాకి దిగింది. గుడ్డు ఎత్తుకుపోయింది. అందరూ అమ్మయ్య అనుకున్నారు, అక్క నా భుజం మీద తల పెట్టుకొని ఏడ్చింది. నేను చచ్చిపోతే బాగుండునని అనిపించింది.

తిరిగొస్తుంటే యార్డులో బావతో పనిచేసిన హమాలీ ఒకాయన నా పక్కన నడిచాడు. ఓదార్చడానికే అన్నాడు పాపం. "నువ్వైతె మస్తు జూసుకున్నవ్ అన్నా. నీ కాడ కూసున్నంక గా వైన్సుల కాడికి రాకపోతె, ఇంకా కొన్నేండ్లు బతుకుండె."

"ఏ వైన్సు?"

ఆయన ఆగిపోయి నా మొహం చూశాడు. అప్పుడు చెప్పాడు. నా దగ్గర మూడు అయ్యాక ఆరున్నరకు బావ ఇంటికి పోయే దారిలో ఒక వైన్‌షాపు పర్మిట్ రూంలో కూర్చునేవాడట. రోజూ. నేను ఎంత నీళ్లు పోస్తే అంత అక్కడ ఎక్కువ తాగేవాడట, అది కూడా నేను నా బారులో పెట్టని చవక సరుకు. నేను తీసిన తరుగంతా ఆయన అక్కడ పూడ్చుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను స్కెచ్ పెన్ను పట్టుకొని పట్టేద్దామనుకున్నాను.

ఈ సంగతి అక్కకు చెప్పలేదు. ఆరేళ్లు తన తమ్ముడి కండ్ల ముందర ఉండి పోయాడన్న ఒక్క ధీమా ఆమెకు మిగిలింది. అది కూడా తీసేస్తే ఇంకేముంటుంది? తర్వాత నాలుగేళ్లు బారు నడిపాను. మూల టేబుల్ దగ్గర వేరేవాళ్లు కూర్చున్నారు. ఇళ్లవాళ్లు నాకు అప్పజెప్పిన ఆ నలుగురిలో ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు పోయారు. లైసెన్సు గడువు అయిపోయాక మళ్లీ తీసుకోలేదు. ఇప్పుడు ఆ హాలులో కళ్లజోళ్ల షాపు ఉంది. లోపల అన్నీ అద్దాలే.

ఇదంతా ఆ ఆదివారం మేనల్లుడికి చెప్పాను. నీళ్ల సంగతి, కాకి సంగతి, వైన్‌షాపు సంగతి అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. వాడు తల దించుకొని విన్నాడు. చివరికి, "మీ బాపు నా దగ్గరనుంచి సక్కగ ఇంటికి పోలేదురా. మధ్యల ఇంకో కాడ కూసునేటోడు. మీ అమ్మకు ఇప్పటికీ తెల్వదు," అన్నాను.

"ఎరికే మామా," అన్నాడు వాడు.

"ఏం ఎరికే?"

"బైక్ మీద తీస్కపోయేది నేనే గద."

ఆరేళ్లు గుమ్మంలో నిలబడి మలుపు దాకా చూసింది ఆ బైక్‌నే.

"ఆపకపోతె కదిలే బండి మీదికెళ్లి దుంకుతనంటుండె. రెండు సార్లు దుంకిండు గూడ. ఇగ నేనే ఆపుతుంటి. లోపట కూసుంటె, నేను బయట బండి మీద కూసోని పరీక్షలకు సదువుకుంటుంటి."

"మరి నాకెందుకు చెప్పలేదురా? ఒక్క మాట చెప్తె..."

"చెప్తె నువ్వు బాపును రానియ్యకపోదువు. నీ కాడున్న రెండు గంటలన్న అమ్మ నిమ్మలంగ ఉంటుండె మామా. గందుకే చెప్పలే."

వాడి గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు. బండి మైలేజీ చెప్పినట్టు చెప్పాడు. నేను దాచుకున్న రహస్యం వాడికి డిగ్రీ ఫస్టియర్ నుంచే తెలుసు. వాణ్ని ఆపడానికి నా దగ్గరున్నది అదొక్కటే, అది కూడా వాడి చేతిలో పాతదైపోయి ఉంది.

"గిదంత అయినంక గూడ బారెందుకురా నీకు?" అన్నాను. అరిచాననుకుంటాను, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"నువ్వు పోయకుంటె బాపు ఆగిండా మామా? ఎవలో ఒకలు పోస్తరు. షోరూంల బండి కొన్నోడు గూడ సక్క వైన్సుకే పోతాండు. నేను పెట్టకుంటె ఊరు మానుతదా?"

దీనికి జవాబు ఉంటే ఏనాడో నాకు నేను చెప్పుకునేవాణ్ని. బారు తెరిచేముందు మా నాన్నతో నేను అన్న మాట కూడా ఇదే. ఆయన నా మొహం చూసి లేచి లోపలికి పోయాడు. నేను లేచి పోవడానికి కూడా చేతకాక కూర్చున్నాను. "ఇంకా అప్లికేషన్ పెట్టలేదు గద, ఆలోచించుకో," అన్నాను.

వాడు అప్పుడు ఫైలు తిప్పి తెరిచాడు. అప్లికేషన్ ఎప్పుడో పెట్టాడు. లైసెన్సుల లాటరీ డ్రాలో పేరు కూడా వచ్చింది. వచ్చింది వాడి పేరు కాదు, మా అక్క పేరు. ఆడవాళ్ల పేరు మీద వేస్తే డ్రాలో తగులుతుందని ఒక నమ్మకం ఉంది. కింద ఆమె సంతకం, బడి మానేసిన పిల్ల రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. పెళ్లి కార్డుల మీద నా పేరు రాసేటప్పుడు కూడా అట్లాగే రాసేది.

"అక్క పెట్టిందా సంతకం?"

"ముందుగాల పెట్టనన్నది. నెల రోజులు మాట్లాడలే నాతోని."

"మరి?"

వాడు ఫైలు మూసి, కొంచెంసేపు దాని అంచు గోరుతో గీకాడు.

"హసన్‌పర్తిల నిన్ను రెండు మూడు సార్లు జూసిండ్రట మామా. పర్మిట్ రూంల. ఎవలో అమ్మకు చెప్పిండ్రు. ఒకసారి స్కూటర్ మీదికెళ్లి పడ్డవట గద."

పడ్డాను. మోకాలు చీరుకుపోతే, చెరువు కట్ట మీద రాయి తగిలిందని ఇంట్లో చెప్పాను. వంటింటి గుమ్మంలో మా ఇంటామె వచ్చి నిలబడింది. నేను అటు చూడలేదు.

"గప్పుడు అమ్మ పిలిచి అన్నది," వాడు చెప్పాడు. "మామను నీ కాడ కూసోబెట్టుకుంటనంటె సంతకం పెడ్త అన్నది. బయట యాడ్నో పడిపోకుంట నీ కండ్ల ముంగటుంటడు, నాకు ఫికర్ ఉండదు అన్నది. నేను సరే అన్న. మూలకు ఒక టేబుల్ ఏయిస్తాన. అక్కడ ఫ్యాన్ గూడ పెట్టిస్త."

ఆ మాట అన్నప్పుడు వాడి కళ్లల్లో ఏదో పొంగింది. నాకు తెలుసు అదేమిటో. నా అక్క నా కంచంలో కూర వేసిన మధ్యాహ్నం నాకూ అదే పొంగింది. వీణ్ని ఆపడానికి కూర్చున్నవాణ్ని, వీడి బారుకు సంతకం నా వల్లే పడింది. లేచి ఆ ఫైలు చింపేయాలి. అక్కకు ఫోన్ చేసి అరవాలి. రేపటినుంచి హసన్‌పర్తి మానేస్తానని ఇక్కడే, మా ఇంటామె ముందే ఒట్టు పెట్టాలి. ఇవన్నీ అనుకున్నాను. కానీ లోపల ఎక్కడో ఇంకొకడు, ఇక స్కూటర్ మీద అంత దూరం పోనక్కర్లేదని లెక్క చూసుకుంటున్నాడు. వాణ్ని చూసి నాకు అసహ్యం వేసింది, అయినా కుర్చీలోంచి లేవలేదు.

వాడు జేబులోంచి పెన్ను తీశాడు.

"అమ్మ అడిగి రమ్మన్నది మామా. రోజుకు ఎన్ని?"

"రెండు," అన్నాను.

వాడు సరేనని తలూపి, ఫైలు అట్ట మీద నాలుగు అని రాసుకున్నాడు.